హోంవర్క్ లేని కోర్సుకు డబ్బు కట్టొద్దు

జూన్ వచ్చిందంటే నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, ఆన్‌లైన్‌లో నేర్చుకోవాలంటే ఏ యాప్ మంచిది?" డిగ్రీ పూర్తయిన పిల్లలు అడుగుతారు, ఇంటర్ పాసైన పిల్లల అమ్మానాన్నలు అడుగుతారు. కావలి ట్రంకు రోడ్డులో నేను మందులు కొనే షాపాయన కూడా వాళ్ల అమ్మాయి కోసం అడిగాడు. డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సబ్జెక్టులు చెప్తాను కాబట్టి టక్కున ఒక పేరు చెప్పేస్తానని వాళ్ల ఆశ. నేను చెప్పను. ముందు ఎదురు అడుగుతాను: "ఆ కోర్సులో వారం వారం మీ చేత ఏం చేయిస్తారు? మీరు చేసింది తప్పో ఒప్పో ఎవరు చెప్తారు?"

చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. పాఠం చెప్పే సార్ ఎవరో చెప్తారు. ఎన్ని గంటల వీడియోలు ఉన్నాయో, డిస్కౌంట్ ఎంత నడుస్తోందో, చివర్లో సర్టిఫికెట్ మీద ఎవరి పేరు ఉంటుందో చెప్తారు. హోంవర్క్ సంగతి మాత్రం ఎవరూ అడిగి ఉండరు. నా దృష్టిలో మొదట అడగాల్సింది అదే. వీడియో ఎంత బాగున్నా, చెప్పేది ఐఐటీ ప్రొఫెసరే అయినా, మన చేత పని చేయించి దాన్ని దిద్దే ఏర్పాటు లేకపోతే ఆ కోర్సుకు పైసా కట్టాల్సిన పని లేదు. మా నాన్న తరం మార్కాపురం పలకల మీద చదువుకుంది. రాసేవాళ్లు, అయ్యవారికి చూపించేవాళ్లు, తప్పుంటే తుడిచి మళ్లీ రాసేవాళ్లు. ఆ చదువుకు పెద్ద ఖర్చేమీ లేదు. లక్ష రూపాయలు తీసుకునే కోర్సు ఆ మాత్రం కూడా చేయించకపోతే ఇక దేనికి కడుతున్నట్టు?

"వింటుంటే అర్థమవుతోంది కదా మేడమ్" అంటారు పిల్లలు. అర్థమైనట్టు అనిపించడంతోనే వస్తుంది చిక్కంతా. 2019లో హార్వర్డ్‌లో మొదటి స్థాయి ఫిజిక్స్ క్లాసుల మీద జరిగిన ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. కొందరికి ధారాళంగా లెక్చర్ చెప్పారు. ఇంకొందరిని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి వాళ్ల చేతే లెక్కలు చేయించారు. ఇద్దరికీ పాఠం అదే. క్లాసయ్యాక అడిగితే లెక్చర్ విన్నవాళ్లు తమకే బాగా వచ్చిందన్నారు. పరీక్ష పెడితే, లెక్కలతో కుస్తీ పట్టినవాళ్లకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆన్‌లైన్ కోర్సుల మీద కూడా ఇలాంటి లెక్క ఉంది. జార్జియా టెక్ నడిపిన ఒక సైకాలజీ కోర్సులో విద్యార్థులు ఏం చేశారో 2015లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్లు పరిశీలించారు. వీడియోలు ఇంకాస్త ఎక్కువ చూడటం వల్ల, పేజీలు ఎక్కువ చదవడం వల్ల కలిగిన లాభం కంటే, అభ్యాసాలు ఎక్కువ చేయడం వల్ల కలిగిన లాభం 6 రెట్లకు పైగా ఉందని తేల్చారు.

ఈ పరిశోధనలు చదవకముందే నాకు మా ల్యాబ్‌లో ఈ సంగతి కనబడుతూ ఉండేది. బిట్రగుంట నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి ఒకామె ఉండేది. చురుకైన పిల్ల. యూట్యూబ్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద తెలుగు పాఠాల ప్లేలిస్టు మొత్తం చూసేసింది, నోట్సు కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. ఒకరోజు నేనొక చిన్న పని ఇచ్చాను. కొన్ని అంకెలు ఇస్తే వాటిలో అన్నిటికంటే పెద్దది చెప్పే ప్రోగ్రామ్ రాయాలి. చకచకా రాసింది. "పెద్దది" అని ఒక పేరు పెట్టుకుని మొదట దాంట్లో సున్నా ఉంచింది. తర్వాత అంకెలను ఒక్కొక్కటీ దాంతో పోల్చి, ఎక్కువగా ఉంటే మార్చింది. 4, 17, 9 ఇస్తే 17 వచ్చింది. "అయిపోయింది మేడమ్" అంది.

నేను మైనస్ 5, మైనస్ 2, మైనస్ 9 ఇచ్చాను. మైనస్ 2 రావాల్సిన చోట సున్నా వచ్చింది. మేం ఇచ్చిన అంకెల్లో సున్నా లేనే లేదు! ఆ అమ్మాయి స్క్రీన్ మీద ఒక్కో లైనూ వేలితో చూసుకుంటూ పోయింది. దొరకలేదు. కాగితం తీసి, ఒక గడి గీసి, అందులో సున్నా వేసి, మైనస్ 5 దానికంటే పెద్దదా, కాదు. మైనస్ 2 పెద్దదా, కాదు. ఇలా ఒక్కో మెట్టూ రాసింది. అప్పుడు తగిలింది. సున్నాతో మొదలుపెట్టకూడదు, ఇచ్చిన అంకెల్లో మొదటిదాంతోనే మొదలుపెట్టాలి. మార్చింది, సరిపోయింది. "మరి అంకెలేమీ ఇవ్వకపోతే?" అని అడిగాను. ఈసారి ప్రోగ్రామ్ ఎర్రర్ చూపించి ఆగిపోయింది. ఆ చిన్న ప్రోగ్రామ్ మీద ఒక పీరియడ్ మొత్తం గడిచింది. వీడియోలో అదే ప్రోగ్రామ్ చెప్పడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు. అయితే వీడియో ఆ అమ్మాయి తప్పును పట్టుకోలేదు, ఎందుకంటే అది ఆమె రాసింది చూడదు.

అందుకే మా పిల్లలను ఎన్‌పీటెల్ వైపు తోస్తుంటాను. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల ఏర్పాటు ఇది. 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులు నడుపుతున్నారు. 2017లో కేంద్ర ప్రభుత్వం స్వయం పోర్టల్ తెచ్చాక అందులో కూడా ఇవే కోర్సులు దొరుకుతున్నాయి. చూసుకోవడం, చదువుకోవడం ఉచితం. పరీక్ష రాయాలంటేనే ఫీజు. మా పిల్లలు ఒక్కో కోర్సుకు 1000 రూపాయలు కట్టారు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అందులో సగం. ఇంత తక్కువ ఖర్చులో ఇంత కచ్చితమైన ఏర్పాటు ఇంకోటి నాకు కనబడలేదు.

ప్రతి వారం అసైన్‌మెంట్ ఉంటుంది, దానికి గడువు ఉంటుంది. గడువు దాటితే తీసుకోరు. మన దగ్గర చాలామందికి ఆ గడువే గురువు. ప్రోగ్రామింగ్ కోర్సులైతే అక్కడి సిస్టమ్ మనం రాసిన కోడ్‌ను కొన్ని ఉదాహరణలతో అక్కడికక్కడే పరీక్షిస్తుంది. ఇంకొన్ని ఉదాహరణలను దాచిపెట్టి గడువయ్యాక పరీక్షిస్తుంది. బిట్రగుంట అమ్మాయికి నేను ఇచ్చిన మైనస్ అంకెల్లాంటివి ఆ దాచిపెట్టిన వాటిలో ఉంటాయన్నమాట. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ గారి పైథాన్, డేటా స్ట్రక్చర్స్ కోర్సు ఈ పద్ధతిదే. 8 వారాల కోర్సు, మెత్తగా ఏమీ ఉండదు. మూడో వారానికి పిల్లల ముఖాలు వాడిపోతాయి. నిలబడినవాళ్లు మాత్రం ఆ తర్వాత ఏ ఇంటర్వ్యూలోనూ తడబడలేదు.

ఎన్‌పీటెల్‌లో చాలా కోర్సులకు మార్కుల్లో 25 అసైన్‌మెంట్లకు, 75 పరీక్షకు. పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు. సెంటర్‌కు వెళ్లాలి, హాల్ టికెట్, గుర్తింపు కార్డు చూపించాలి, అక్కడి కంప్యూటర్ మీద రాయాలి. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కి కనీసం 10, పరీక్షలో 75కి కనీసం 30 రావాలి. ఇది చెప్పగానే కొందరు తల్లిదండ్రులు "ఆన్‌లైన్ అంటిరి, మళ్లీ నెల్లూరు పోయి పరీక్ష రాయడమేంది?" అంటారు. ఆ పరీక్ష ఉండబట్టే ఆ కాగితానికి విలువ.

ఇక్కడ ఒక చెడు అలవాటు గురించి చెప్పి తీరాలి. ప్రతి వారం అసైన్‌మెంట్ తెరవగానే గంటల్లో జవాబులు యూట్యూబ్‌లోకి, టెలిగ్రామ్ గ్రూపుల్లోకి వచ్చేస్తున్నాయి. పిల్లలు వాటిని దించేసి 25కి 25 తెచ్చుకుంటున్నారు. కొన్ని కాలేజీల్లో స్టాఫే ఆ లింకులు పంపిస్తున్నారు, కాలేజీకి మంచి పేరు రావాలని. పరీక్ష హాల్లో వీళ్లకు చెమటలు పడతాయి. ఫెయిలైన పిల్లాడు ఆన్‌లైన్ చదువులన్నీ ఇంతే అనుకుని మళ్లీ అటు చూడడు. పిల్లాడు చేయాల్సిన పనిని వాడి చేతిలోంచి లాక్కుని మనం సాయం చేశామనుకుంటే ఎట్లా? ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఇప్పుడు ఏఐ చాట్‌బాట్లు కూడా వచ్చాయి, ఏ ప్రశ్నకైనా క్షణంలో జవాబు ఇస్తాయి. వాటిని వాడొద్దని నేను చెప్పను. ముందు నువ్వు రాయి, తప్పు రానీ, ఆ తర్వాత ఎందుకు తప్పో దాన్ని అడుగు అంటాను. మొదటే జవాబు అడిగితే దిద్దించుకోవడానికి నీ దగ్గర ఏముంటుంది?

విదేశాల కోర్సుల్లో కూడా నేను ఇదే చూస్తాను. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 అనే కంప్యూటర్ కోర్సు అందరికీ తెలిసిందే, డేవిడ్ మలన్ గారు చాలా బాగా చెప్తారు. అయినా నేను దాన్ని పిల్లలకు చెప్పేది ఆయన లెక్చర్ల కోసం కాదు. వారం వారం ఇచ్చే ప్రాబ్లమ్ సెట్ల కోసం. మనం రాసిన ప్రోగ్రామ్‌ను అక్కడి పరికరం పరీక్షించి ఎక్కడ పాసైందో పచ్చగా, ఎక్కడ తప్పిందో ఎర్రగా చూపిస్తుంది. డబ్బు కట్టకపోయినా ఆ దిద్దుబాటు దొరుకుతుంది. వెబ్‌సైట్లు తయారు చేయడం నేర్చుకోవాలంటే ఫ్రీకోడ్‌క్యాంప్ ఉంది. అందులో ప్రతి మెట్టులో మనం టైప్ చేస్తేనే ముందుకు వెళ్తాం. కోర్సెరా అనే సైట్‌లో మంచి కోర్సులున్నాయి, కాకపోతే చాలావాటిలో ఉచితంగా చూసే దారిలో గ్రేడ్ ఇచ్చే అసైన్‌మెంట్లు తెరుచుకునేవి కావు. అంటే ఉచితంగా దొరికింది వీడియో, డబ్బుకు దొరికింది దిద్దడం. విలువ ఎక్కడుందో వాళ్లకు బాగా తెలుసు! స్తోమత లేనివాళ్లు ఫైనాన్షియల్ ఎయిడ్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా పిల్లలు పెట్టుకున్నప్పుడు నాలుగు మాటలు ఇంగ్లీషులో రాయాల్సి వచ్చింది, రెండు మూడు వారాలు ఆగాల్సి వచ్చింది. పెట్టుకున్నవాళ్లకు ఎయిడ్ వచ్చింది. ఇంకో సంగతి, కొన్ని కోర్సుల్లో మన పనిని తోటి విద్యార్థులే దిద్దుతారు. అవతలివాళ్లు చూడకుండానే "గుడ్" అని ఫుల్ మార్కులు ఇచ్చేస్తుంటారు. అలాంటి కోర్సును నేను సగం కోర్సుగానే లెక్కేస్తాను.

డబ్బు కట్టినవాళ్లే పూర్తి చేస్తారని ఒక వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. ఎంఐటీ, హార్వర్డ్‌లు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలో నడిపిన కోర్సుల లెక్కలు 2019లో సైన్స్ పత్రికలో వచ్చాయి. 2017-18లో చేరినవాళ్లందరిలో పూర్తి చేసింది 3 శాతం చిల్లర. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో అది 46 శాతం. తేడా పెద్దదే. ఆ 46 చూపించి లక్షల ఫీజు అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, అక్కడ కట్టింది లక్షలేమీ కాదు. పైగా పట్టుదల ఉన్నవాళ్లే ముందుకొచ్చి కట్టి ఉంటారు. పట్టుదల రావడానికి 1000 రూపాయల పరీక్ష ఫీజు చాలు.

లక్షల మాట వచ్చింది కాబట్టి ఉలవపాడు వైపు మామిడి తోట కౌలుకు చేసే ఒక రైతు సంగతి చెప్తాను. కొడుకు బీటెక్ అయ్యాడు, ఉద్యోగం రాలేదు. ఎవరో ఫోన్ చేశారు, డేటా సైన్స్ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ, ఈ రాత్రి 12 లోపు చేరితే సగం ఫీజే అన్నారు. ఫీజు లక్షకు పైనే. "నెలకు కొంచెం కొంచెం కడితే చాలు" అన్నారు. ఆయన ఆధార్, పాన్ ఫోటోలు పంపించాడు, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పాడు. రెండు నెలలు చూసి, రికార్డు చేసిన వీడియోలు తప్ప ఏమీ లేదని పిల్లాడు మానేశాడు. నెలనెలా కోత మాత్రం ఆగలేదు. "కోర్సు వద్దన్నాం కదమ్మా, డబ్బులెందుకు పోతాండాయి?" అని అడిగాడాయన. ఆయన ఫీజు వాయిదా అనుకున్నది నిజానికి ఒక ఫైనాన్స్ కంపెనీ ఆయన పేరు మీద ఇచ్చిన అప్పు. కోర్సు మానేస్తే అప్పు మాయం కాదు. ఆ ముక్క ఆ ఫోన్‌లో ఎవరూ చెప్పలేదు.

ఈ మోసం ఎంత పెరిగిందంటే, 2021 డిసెంబర్‌లో కేంద్ర విద్యాశాఖ ఎడ్‌టెక్ కంపెనీల, అంటే ఆన్‌లైన్‌లో చదువు అమ్మే కంపెనీల విషయంలో జాగ్రత్త అని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ఖాతాలోంచి దానంతటదే డబ్బు కోసుకునే ఏర్పాటుకు ఒప్పుకోవద్దని అందులో ఉంది. 2022లో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ అప్పులకు నిబంధనలు తెచ్చింది. అప్పు ఇచ్చే ముందు వడ్డీ, ఖర్చులన్నీ రాసిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అప్పు తీసుకున్నాక కూలింగ్-ఆఫ్ గడువు ఉంటుంది, ఆ లోపల అసలు, ఆ కొద్దిరోజుల వడ్డీ, ఖర్చులు కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ఫోన్‌లో ఎవరైనా ఓటీపీ అడిగితే ముందు ఆ కాగితం పంపమనండి. పంపకపోతే ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు 1915కు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. మన దేశంలో అన్నిటికంటే పెద్ద ఎడ్‌టెక్ కంపెనీగా పేరు తెచ్చుకున్న బైజూస్ కూడా 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కంపెనీ పెద్దది కదా అని మూడేళ్ల ఫీజు ఒకేసారి కట్టే రోజులు పోయాయి.

ఏళ్లపాటు డబ్బు, కాలం పెట్టగలిగినవాళ్లకు ఐఐటీ మద్రాస్ డేటా సైన్స్ బీఎస్ అనే ఆన్‌లైన్ డిగ్రీ కోర్సు ఉంది, 2020లో మొదలైంది. జేఈఈ అక్కర్లేదు. 4 వారాల పాఠాలు, అసైన్‌మెంట్లు, ఆ తర్వాత క్వాలిఫయర్ పరీక్ష. అది దాటితేనే సీటు. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో మినహాయింపు ఉంది. పరీక్షలు సెంటర్‌లోనే. మధ్యలో ఆపినా అప్పటికి పూర్తి చేసిన స్థాయిని బట్టి సర్టిఫికెట్టో డిప్లొమానో చేతికొస్తుంది. ఉలవపాడు పిల్లాడికి ఆ ఫోన్ కంటే ముందు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

అన్ని చదువులకూ హోంవర్క్ కావాలా అని మా తమ్ముడు వాదిస్తాడు. వాడికి ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ ఎప్పుడు పడిపోతుంది, మేత ఎంత వేయాలి, అన్నీ యూట్యూబ్‌లోనే నేర్చుకున్నాడు, ఏ అసైన్‌మెంటూ రాయలేదు. నిజమే. కానీ వాడికి గుంట ఉంది. రాత్రి విన్నది తెల్లారి గుంట మీద చేసి చూస్తాడు, చెక్‌ట్రేలో మేత మిగిలితే వాడికే తెలుస్తుంది. కుట్టుపని నేర్చుకునే ఆమెకు బ్లౌజు చెప్తుంది కుట్టింది సరిగ్గా ఉందో లేదో. పని చేతిలో ఉన్నవాళ్లకు ఒట్టి వీడియో చాలు. పని ఇంకా చేతికి రాని పిల్లలకే దిద్దే కోర్సు కావాలి.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల భయం వేరు. కోర్సు ఇంగ్లీషులో ఉంటుందని మొదటి వారమే మానేస్తారు. వాళ్లకు నేను చెప్పే దారి ఇది. ముందు ఆ పాఠాన్ని తెలుగులో ఎక్కడ దొరికితే అక్కడ వినండి, యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి. ఎన్‌పీటెల్ కూడా కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదాలు పెడుతోంది. విన్నాక అసైన్‌మెంట్ మాత్రం ఇంగ్లీషులో ఉన్నదే చేయండి. పాఠంలో ఉన్నంత ఇంగ్లీషు ప్రశ్నలో ఉండదు, నాలుగు లైన్లే. ఆ నాలుగు లైన్లను పట్టుదలగా చదివిన పిల్లలకు సెమిస్టర్ అయ్యేసరికి పాఠం కూడా అర్థమవుతోంది.

కొత్త కోర్సు మంచిదో కాదో తేల్చుకోవాలంటే పరిచయ వీడియో చూడకండి, అది అందరిదీ బాగానే ఉంటుంది. నేరుగా మొదటి వారం అసైన్‌మెంట్ తెరవండి. అది తెరుచుకోకపోతే, లేదా నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు ఎన్నిసార్లయినా నొక్కుకునేలా ఉంటే, అక్కడే ఆగండి. విద్యార్థులు అడిగిన సందేహాలకు జవాబులు వచ్చాయో లేదో చూడండి. చివరి జవాబు ఏడాది కిందటిదైతే ఆ దుకాణంలో ఇప్పుడు ఎవరూ లేరనే అర్థం.

ఇక మా కాలేజీల వాళ్లతో ఒక మాట. యూజీసీ 2021లో ఇచ్చిన నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో ఒక కోర్సుకు పెట్టిన సబ్జెక్టుల్లో 40 శాతం దాకా స్వయంలో చదవనివ్వొచ్చు, ఆ క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయి. నోటీసు బోర్డు మీద ఆ కాగితం అంటించి చేతులు దులుపుకుంటే సరిపోదు. మా పిల్లల్లో ఎక్కువమందికి ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోన్ మీద కోడ్ టైప్ చేయడం ఎంత నరకమో చేసిన పిల్లలను అడగండి, ఒక బ్రాకెట్ కోసం మూడు సార్లు కీబోర్డు మార్చాలి. కాలేజీల్లో ముప్పై, నలభై కంప్యూటర్లున్న ల్యాబులకు నాలుగున్నరకే తాళం పడుతోంది. అసైన్‌మెంట్ గడువున్న రోజైనా ఏడింటి దాకా తెరిచి ఉంచండి. ఒక లెక్చరర్, ఒక అటెండర్ చాలు. లెక్చరర్‌గా నేను కూర్చుంటాను. బిట్రగుంట, అల్లూరు, జలదంకి వైపు వెళ్లే అమ్మాయిలకు ఆ వేళకు బండి ఉందో లేదో చూసుకుని టైమ్ పెడదాం. ఈ సంగతి మా ప్రిన్సిపాల్ గారికి కాగితం మీద రాసి ఇచ్చాను. మీ కాలేజీలో మీరు కూడా రాసి ఇవ్వండి.